మద్రాసును ఖాళీ చేయించిన ఓడలు ఏమయ్యాయి?

ప్రశ్న: 1942లో జపాను నౌకలకు జడిసి జనం మద్రాసు వదిలి పారిపోయారని మా తాతయ్య చెప్పేవారు. ఆ నౌకలు చివరికి ఏమయ్యాయండీ?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: నిజమేనమ్మా. ఆ ఏప్రిల్లో మా నాయనమ్మ ఇత్తడి బిందెలు నూతిలోకి దించి, ఇంటికి తాళం వేసి నెల్లూరు రైలెక్కింది!

కొలంబో, ట్రింకోమలీల మీద బాంబులు వేసిన జపాను అడ్మిరల్ నగుమో దళంలోవే అకాగి, సోర్యు, హిర్యు అనే విమానవాహక నౌకలు. రెండు నెలలు తిరక్కుండానే, జూన్ 4న, కగా అనే మరో నౌకతో కలిసి పసిఫిక్‌లో మిడ్‌వే దీవి మీదికి వెళ్లాయి. జపాను రహస్య సంకేతాలు ముందే విప్పిన అమెరికా అక్కడ కాపు కాసింది.

అయినా పొద్దున దెబ్బలన్నీ అమెరికాకే. హార్నెట్ నౌక నుంచి వెళ్లిన 15 టార్పెడో విమానాలూ కూలాయి. 30 మందిలో మిగిలింది జార్జ్ గే ఒక్కడే. ఇక అమెరికా బాంబర్ల దళనాయకుడు మెక్‌క్లస్కీ సంగతి వినండి, నాకు భలే ఇష్టం. శత్రువు జాడ లేదు, పెట్రోలు తగ్గిపోతోంది. కింద అరాషి అనే జపాను డిస్ట్రాయర్ (చిన్న యుద్ధనౌక) ఒంటరిగా పరుగెడుతోంది. తన దళం దగ్గరికే పోతోందనుకుని, అది పోయే దిక్కే పట్టుకున్నాడు. ఉదయం పదిన్నరకల్లా ఆయన దళం దెబ్బకు కగా, అకాగి, యార్క్‌టౌన్ నౌక విమానాల దెబ్బకు సోర్యు తగలబడుతున్నాయి. అదంతా అదృష్టమని కొందరంటారు, నేనొప్పుకోను.

హిర్యు ఊరుకోలేదు, యార్క్‌టౌన్‌ను గట్టిగా కొట్టింది. సాయంత్రానికి హిర్యు మీదా బాంబులు పడ్డాయి. అకాగి, హిర్యు నీళ్లలో మునిగింది మాత్రం మర్నాడు.