2024లో కళ్ళు తిప్పుకోనివ్వని ఆటగాళ్ళు ఎవరంటే: పారిస్ బ్రేకర్లు

అడిగింది ఇది: "2024లో హిప్ హాప్ స్టైల్‌తో బాగా అలరించిన క్రీడాకారులు ఎవరు? ఒలింపిక్స్ బ్రేకింగ్‌లో ఆ ఆస్ట్రేలియా ఆవిడ కంగారూలా గెంతిన వీడియో తప్ప నేనేమీ చూడలేదు. అసలు దానికి మార్కులు ఎలా వేస్తారు?"

ర్యాప్ చేసే ఆటగాళ్ళకు కొదవ లేదు. బాస్కెట్‌బాల్‌లో షకీల్ ఓనీల్ 1993లోనే ఆల్బమ్ తెచ్చాడు, డేమియన్ లిల్లార్డ్ డేమ్ డొల్లా పేరుతో పాడతాడు. కానీ వాళ్ళ హిప్ హాప్ అంతా కోర్టు బయటే. ఆటే హిప్ హాప్ కావాలంటే 2024 ఆగస్టు 9, 10 తేదీల్లో పారిస్‌లోని ప్లాస్ ద లా కాంకోర్డ్‌లో జరిగిన ఒలింపిక్స్ బ్రేకింగ్ చూడాలి, అంటే హిప్ హాప్ డాన్స్ పోటీ. నా ఓటు వాళ్ళకే.

ముందు ఆ వీడియో సంగతి తేల్చేద్దాం. ఆమె పోటీ పేరు రేగన్, అసలు పేరు రేచల్ గన్. 2023లో సిడ్నీలో జరిగిన ఓషియానియా పోటీలో గెలిచి నియమం ప్రకారమే పారిస్‌కి వచ్చింది. గ్రూప్‌లో ఒక్కో బ్యాటిల్‌కి (ఇద్దరి ముఖాముఖి పోటీకి) రెండు రౌండ్లు, జడ్జీలు తొమ్మిదిమంది. అంటే బ్యాటిల్‌కి 18 ఓట్లు. లాజిస్టిక్స్ (అమెరికా), సిస్సీ (ఫ్రాన్స్), నికా (లిథువేనియా) ముగ్గురి చేతిలోనూ 18-0తో ఓడింది. దీన్ని చాలామంది "సున్నా మార్కులు" అని రాశారు, అది తప్పు. ఇక్కడ జిమ్నాస్టిక్స్‌లోలాగా ఒక్కొక్కరికి విడిగా మార్కులుండవు. జడ్జి ముందున్న తెరమీద ఐదు స్లైడర్లు ఉంటాయి. ఒక్కో అంశంలో ఇద్దరిలో ఎవరు మెరుగో, ఎంత మెరుగో చూసి తక్కెడ ముల్లులా అటో ఇటో జరుపుతారు. చివరికి ముల్లు ఎటు మొగ్గితే ఆ జడ్జి ఓటు అటు. ఎదుటివాళ్ళు ప్రతి రౌండ్‌లోనూ కాస్త పైచేయిగా ఉంటే చాలు, 18 ఓట్లూ అటే పోతాయి. ఎంత తేడాతో ఓడారన్నది 18-0 అనే అంకెలో కనిపించదు.

ఆ ఐదు అంశాలు: టెక్నిక్, వొకాబులరీ, ఎగ్జిక్యూషన్, మ్యూజికాలిటీ, ఒరిజినాలిటీ. ఒక్కోదానికి 20 శాతం. టెక్నిక్ అంటే శరీరం మీద అదుపు. వొకాబులరీ అంటే ఎన్ని రకాల మూవ్స్ చేతిలో ఉన్నాయన్నది. ఎగ్జిక్యూషన్ అంటే తడబడకుండా, జారకుండా ముగించడం. మిగతా రెండింటి దగ్గరే కొత్తగా చూసేవాళ్ళు బోల్తా పడతారు. రేగన్‌కి ఒరిజినాలిటీలో లోటు లేదు, ఆ సంగతి జడ్జీల పెద్ద కూడా మీడియా ముందు చెప్పాడు. కానీ అది ఐదో వంతే కదా. మిగతా నాలుగింటిలో ప్రత్యర్థులు చాలా ముందున్నారు.

మ్యూజికాలిటీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అసలు మజా అంతా అక్కడే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్లలో డీజే కూల్ హెర్క్ పాటలు వేసిన పార్టీ నుంచి హిప్ హాప్ లెక్క మొదలవుతుంది. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే ముక్క ఉంటుంది చూడండి, అదే బ్రేక్. డాన్సర్లు ఆ ముక్క కోసమే కాచుకుని ఉంటున్నారని హెర్క్ గమనించి, ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని ఆ ముక్కనే పొడిగించేవాడు. ఇవాళ్టికీ పద్ధతి అదే. పాట డీజే ఇష్టం, ఏది వస్తుందో బ్రేకర్‌కి ముందు తెలియదు. మన సినిమా పాటల్లోలాగా మాస్టర్ కౌంట్లు కట్టి నేర్పిన స్టెప్పు కాదు. తెలిసిన మూవ్స్‌నే అప్పటికప్పుడు ఆ తాళానికి సరిపడా మలచుకోవాలి.

అందుకే మొదటి హెచ్చరిక: చిన్న రీల్స్ చూసి అంచనాకు రావద్దు. కాపీరైట్ గొడవల వల్ల చాలా క్లిప్పుల్లో అసలు పాట తీసేసి వేరేది అతికిస్తారు. అప్పుడు తాళం మీద పడిన అడుగు కూడా తప్పినట్టే కనిపిస్తుంది. అసలు శబ్దంతో ఉన్న పూర్తి బ్యాటిల్ వెతకండి. ఒక్కో రౌండ్ నిమిషం లోపో, కాస్త అటూఇటూగానో ఉంటుంది, పెద్ద శ్రమేం కాదు.

ప్లే చేశాక మొదటి పది సెకన్లూ పాదాలు చూడండి. నిలబడి వేసే ఈ అడుగుల్ని టాప్‌రాక్ అంటారు. స్నేర్ డ్రమ్ 'టప్' మన్నప్పుడు పాదం పడుతోందా, లేక తాళంతో పని లేకుండా ఊరికే తిరుగుతున్నారా అన్నది ఇక్కడే బయటపడుతుంది. తర్వాత కిందికి ఎలా దిగారో చూడండి. చేతులు ఆనించి, ఆగి, సర్దుకుని మొదలుపెడితే ఆ దిగడం బలహీనం. కింద చేసే ఫుట్‌వర్క్‌కి పునాది సిక్స్‌స్టెప్: చేతులు మారుస్తూ, కాళ్ళు ఆరు అడుగుల్లో శరీరం చుట్టూ ఒక వలయం తిరుగుతాయి. బరువు మునివేళ్ళ మీద ఉండాలి, నడుము నేలకు తగలకూడదు. మడమలు నేలకు కొట్టుకుంటుంటే బరువు వెనక్కి పోయిందని అర్థం. అక్కడినుంచి వేగం చచ్చిపోతుంది.

విండ్‌మిల్, ఫ్లేర్, హెడ్‌స్పిన్, ఎయిర్‌ఫ్లేర్ లాంటివి పవర్ మూవ్స్. జనం కేకలు వేసేది వీటికే. ఎన్ని చుట్లు తిరిగారని లెక్కపెట్టడం మానేయండి. అందులోకి ఎలా వెళ్ళారు, ఎలా బయటికి వచ్చారు, అదే ముఖ్యం. ఎయిర్‌ఫ్లేర్‌లో తలకిందులుగా చేతుల మీద గెంతుతూ తిరగాలి, చేయి బెత్తెడు పక్కన పడినా భుజం కుంగిపోయి బోర్లా పడతారు. తెలివైనవాళ్ళు ఆ పడడాన్ని కూడా ఫ్రీజ్‌గా మార్చేస్తారు, కానీ కాలు ఒక్క క్షణం వెతుక్కుంటే జడ్జీ కంటికి దొరికిపోతారు. ఫ్రీజ్ అంటే బొమ్మలా ఆగిపోవడం. అది బీట్ మీద పడాలి, పడ్డాక వణకకూడదు. ఒకసారి చేసిన మూవ్‌ని తర్వాతి రౌండ్‌లో మళ్ళీ చేస్తే నష్టం. ఇంకొకరి సొంత మూవ్ ఎత్తుకొస్తే "బైటింగ్" అంటారు, బ్రేకింగ్‌లో అంతకు మించిన అవమానం లేదు.

ఇక ఆటగాళ్ళు. ఫిల్ విజార్డ్, కెనడా, బీ-బాయ్స్ (మగవాళ్ళ) స్వర్ణం. 2022 ప్రపంచ విజేత కూడా. ఇతని ప్రత్యేకత థ్రెడింగ్: చేత్తో ఒక పాదం పట్టుకుని రింగులా చేసి, ఆ రింగులోంచి రెండో కాలు దూరుస్తాడు. ఏ కాలు ఎక్కడికి పోయిందో మనకు అర్థమయ్యేలోపు తలకిందులుగా ఆగిపోయి ఉంటాడు. ఫైనల్లో ఫ్రాన్స్‌కి చెందిన డానీ డాన్‌ని సొంత జనం ముందే 3-0 రౌండ్లతో ఓడించాడు. బలం, దూకుడు చూడాలంటే డానీ డాన్, వింత ఆకారాలు చూడాలంటే ఫిల్. కాంస్యం అమెరికా విక్టర్ మోంటాల్వోకి వచ్చింది. తండ్రి, బాబాయి ఇద్దరూ మెక్సికోలో బ్రేకర్లే. టాప్‌రాక్, ఫుట్‌వర్క్, పవర్ మూడూ సమంగా ఉన్నవాడు కావాలంటే విక్టరే. మిగతావాళ్ళతో పోల్చుకోవడానికి మొదట ఇతన్ని చూడండి.

నాలుగో స్థానంలో ఆగిన జపాన్ షిగెకిక్స్ పతకం లేకుండా వెళ్ళడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ప్రారంభోత్సవంలో జపాన్ జెండా మోసినవాళ్ళలో ఒకడు, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం. ఫ్రీజ్ అంటే ఏమిటో ఇతని దగ్గరే తెలుసుకోవాలి, అంత వేగంలోంచి అలా ఠక్కున ఆగడం ఇంకెవరికీ రాదు. కొరియా హాంగ్ టెన్ 39 ఏళ్ళ వయసులో బరిలో దిగాడు, గ్రూప్ దాటలేదు. రెడ్ బుల్ బీసీ వన్ అనే ఏటా జరిగే బ్రేకింగ్ పోటీని 2006, 2013, 2023లలో గెలిచినవాడు. మూడు టైటిళ్ళ మధ్య ఆ పదిహేడేళ్ళు చూడండి!

బీ-గర్ల్స్‌లో స్వర్ణం జపాన్ అమీ, రజతం 17 ఏళ్ళ నికా, కాంస్యం చైనా 671 (అదీ పోటీ పేరే). అమీ పెద్ద పెద్ద గింగిరాల మీద ఆధారపడదు. ఒక మూవ్‌కీ ఇంకోదానికీ మధ్య అతుకు కనిపించదు, అదే ఆమె బలం. తొలిసారి చూసేవాళ్ళకి నికాయే గెలిచినట్టు అనిపిస్తుంది. రెండోసారి అమీ చేతులు మాత్రమే గమనిస్తూ చూడండి, తేడా తెలుస్తుంది. నాలుగో స్థానం వచ్చిన అమ్మాయి పోటీ పేరు ఇండియా. మనవాళ్ళు కొందరు సంబరపడ్డారు గానీ ఆమె నెదర్లాండ్స్ అమ్మాయి. ఆమెతో తొలి బ్యాటిల్ ఆడిన శరణార్థి జట్టు తలాష్, అఫ్గాన్ మహిళలకు స్వేచ్ఛ కావాలని రాసిన వస్త్రం విప్పి చూపించింది. రాజకీయ నినాదమని అనర్హురాలిని చేశారు. నియమం అలాగే ఉంది, అయినా ఆ రోజు అందరికీ గుర్తుండిపోయిన రౌండ్ అదే.

బ్రేకింగ్ కాకుండా ఇంకో పేరు కావాలంటే జిమ్నాస్ట్ జోర్డాన్ చైల్స్. ఫ్లోర్‌లో బియాన్సే సంగీతం మీద ఆమె ఒడుపు చూడ్డానికి భలే ఉంటుంది. అయితే అక్కడ సంగీతం 90 సెకన్లు మించకూడదు, మాటలుండకూడదు. అంతా ముందే కట్టుకున్న వరస.

ఇంకో అపోహ: రేగన్ వల్లే బ్రేకింగ్‌ని 2028 లాస్ ఏంజెలెస్ నుంచి తీసేశారని. కాదు. 2028కి అదనపు క్రీడల జాబితా 2023 అక్టోబరు 16న, మన ముంబైలో జరిగిన ఐఓసీ (అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ) సమావేశంలోనే ఖరారైంది. పారిస్‌కి పది నెలల ముందు మాట అది. క్రికెట్ లోపలికి వచ్చింది కూడా ఆ జాబితాతోనే. కాబట్టి ఈ ఆటగాళ్ళని మళ్ళీ చూడాలంటే ఒలింపిక్స్ కోసం ఎదురుచూడకండి, ఏటా జరిగే రెడ్ బుల్ బీసీ వన్ ప్రపంచ ఫైనల్ చూడండి. 2019లో అది ముంబైలోనే జరిగింది, బీ-బాయ్స్‌లో నెదర్లాండ్స్ మెన్నో గెలిచాడు. హాస్యం, చిలిపితనం కావాలనుకుంటే మెన్నో రౌండ్లతోనే మొదలుపెట్టండి.