గోల్డెన్ ఆరోస్ పుట్టింది 1951లోనా, 2019లోనా?

గోల్డెన్ ఆరోస్ అంటే భారత వైమానిక దళంలోని 17వ స్క్వాడ్రన్, ఒక యుద్ధ విమానాల దళం. రెండు తేదీలూ దాని చరిత్రలోవే, కానీ అది పుట్టింది 1951లో. మీ పట్టిక దాన్ని 2019 నుంచి మొదలుపెట్టింది. అంటే మీరు రఫేల్ యుద్ధ విమానాల చరిత్రనూ దళం చరిత్రనూ కలిపేశారు.

1. 1951 అక్టోబరులో అంబాలా వైమానిక స్థావరంలో హార్వర్డ్ విమానాలతో ఏర్పడింది.
2. తర్వాత వాంపైర్, 1957లో హంటర్, 1975లో మిగ్-21.
3. చాలామంది వదిలేసేది ఇక్కడే. 2016లో దళాన్ని ‘నంబర్ ప్లేట్’ చేశారు. అది రద్దు కాదు. విమానాలు, సిబ్బంది వెళ్లిపోయినా సంఖ్య, చిహ్నం, పొందిన గౌరవాలు దళం పేరిటే భద్రంగా ఉంటాయి. అందుకే 2019 సెప్టెంబరు 10న జరిగింది పునరుద్ధరణ, స్థాపన కాదు.
4. ఈ దళానికి వచ్చిన తొలి రఫేల్‌లు అంబాలాలో దిగింది 2020 జులై 29న.

మీ పట్టికను 2019 నుంచి మొదలుపెట్టకండి. 1999 కార్గిల్ యుద్ధంలో అమరుడైన పైలట్ అజయ్ అహూజా ఈ దళం వారే.