సమాధానం: స్కోపస్‌లో రెండు ప్రొఫైళ్లు, తగ్గిన హెచ్-ఇండెక్స్

డాక్టరు గారూ, మీ యూరాలజీ పేపర్లు స్కోపస్‌లో (పరిశోధనా పేపర్ల డేటాబేసు) రెండు ప్రొఫైళ్లుగా చీలిపోయాయనీ, హెచ్-ఇండెక్స్ గూగుల్ స్కాలర్‌లో 9, స్కోపస్‌లో 5 చూపిస్తోందనీ రాశారు. హెచ్-ఇండెక్స్ 9 అంటే, కనీసం తొమ్మిదేసి సైటేషన్లు (ఇతరుల రచనల్లో ప్రస్తావనలు) వచ్చిన పేపర్లు 9 ఉన్నాయని. ఇంటిపేరు కొన్ని పేపర్లలో పూర్తిగా, కొన్నిట్లో పొడి అక్షరంగా పడితే స్కోపస్ ఇద్దరు మనుషులనుకుంటుంది. పీజీ కాకినాడలో, ఉద్యోగం అమలాపురంలో అన్నారు కదా, అడ్రసు మారడం కూడా దానికి తోడై ఉంటుంది.

ముందు ఆర్కిడ్‌లో (ORCID, పరిశోధకులకు గుర్తింపు సంఖ్య ఇచ్చే సైటు) 16 అంకెల ఐడీ తీసుకుని, మీ పేరు అచ్చయిన రూపాలన్నీ అందులో చేర్చండి. తర్వాత స్కోపస్ ఆథర్ సెర్చ్‌లో రెండు ప్రొఫైళ్లకూ టిక్ పెట్టి, కలపమని రిక్వెస్ట్ పంపండి. చందా అక్కర్లేదు, ఉచిత లాగిన్ చాలు. పంపేముందు పేపర్లు ఒక్కొక్కటీ చూడండి. అవే పొడి అక్షరాలున్న వేరొకరి పేపరు కలిసి ఉంటే అక్కడే తీసేయాలి, ఇది మాత్రం వదలొద్దు.

స్కాలర్‌లో ఒకే పేపరు రెండుసార్లు పడి, ఒకదానికి 6, ఇంకోదానికి 4 సైటేషన్లుంటే హెచ్ లెక్కలో అవి 10 అవ్వవు. రెండిటికీ టిక్ పెట్టి మెర్జ్ నొక్కండి. కొత్త పేపర్లు వాటంతటవే చేరకుండా, ముందు ఈమెయిల్‌కి వచ్చేలా సెట్టింగ్ మార్చండి.

ఇంత చేసినా రెండు అంకెలూ సమానం కావు. స్కాలర్ థీసిస్‌ల్లోని సైటేషన్లు కూడా లెక్కేస్తుంది, స్కోపస్ తాను ఎంచుకున్న పత్రికల్లాంటివాటినే చూస్తుంది. ప్రమోషన్ దరఖాస్తులో అంకె పక్కనే డేటాబేసు పేరూ, చూసిన తేదీ రాయండి.