ఆవుకు తెచ్చిన మందు కుక్కకు వేయొచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ప్రాంతం. రెండు గేదెలు, ఒక జెర్సీ సంకర ఆవు, ఇరవై గొర్రెలు, కాపలాకు రెండు కుక్కలు ఉన్నాయి. మూడో ఈత ఆవుకు నెలన్నర కిందట వెనక కుడి చన్ను వాచి, పాలు విరిగినట్టు వచ్చాయి. పశువుల ఆసుపత్రి దూరం కావడంతో మందుల షాపులో చెప్పి పొడి మందు సీసా, వాపు తగ్గే ఇంజెక్షన్ తెచ్చాం. రెండు రోజులు సూది వేయించాక పాలు బాగుపడ్డాయి, ఆపేశాం. ఇరవై రోజులకు మళ్లీ మొదలైంది. అప్పుడూ అలాగే చేశాం. పాల కేంద్రంలో ఒక పూట పాలు వెనక్కి పంపారు. మిగిలిన మందు ఫ్రిజ్‌లో పెట్టి, మొన్న కుక్క ఒళ్లు కాలిపోతోందని దానికి కొంచెం వేశాం. పారాసెటమాల్ బిళ్ల కూడా మింగించాం. రెండు రోజులుగా అది అన్నం ముట్టడం లేదు. ఆన్‌లైన్‌లో మందులు తక్కువ ధరకు వస్తాయంటున్నారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకైతే అక్కడ రైతులు షాపులో నేరుగా యాంటీబయాటిక్ కొనుక్కుంటారని చెప్పాడు. మేమూ ఇంట్లో ఏయే మందులు పెట్టుకోవాలో డోసులతో సహా రాయండి.

జవాబు: ముందు కుక్క సంగతి. ఇది చదివిన వెంటనే దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ మందు, ఎంత, ఏ రోజు వేశారో కాగితం మీద రాసుకుని, ఖాళీ సీసా, బిళ్లల అట్ట కూడా వెంట తీసుకెళ్లండి. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. తెల్లగా, పసుపుగా, లేదా చాక్లెట్ రంగులో ఉన్నా, విరేచనం తారులా నల్లగా పడుతున్నా రేపటిదాకా ఆగవద్దు.

ఒళ్లు కాలిపోతోందన్నారు. థర్మామీటర్ పెట్టి చూశారా? మనకు 98.6 మామూలైతే కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలే. మన చేతికి కుక్క ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ఎండలో పడుకుని లేచిందంటే ఇంకా వేడిగా ఉంటుంది. లేని జ్వరానికి మందు వేసి కుక్కను పోగొట్టుకున్న వాళ్లను నా ఉద్యోగంలో చాలామందినే చూశాను. ఒక పారాసెటమాల్ బిళ్లతో పెద్ద కుక్కకు ప్రాణం మీదికి రాకపోవచ్చు. కానీ మోతాదు మించినా, పూటపూటకూ వేసినా కాలేయం దెబ్బతింటుంది. పిల్లి ప్రాణం తీయడానికైతే ఒక్క బిళ్ల చాలు. మన ఒళ్లు నొప్పులకు వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల జోలికి అసలు తేకండి. వాటి కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు పాడవుతాయి.

కుక్కకు నిజంగానే జ్వరం ఉంటే మన ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది పిడుదుల జ్వరాన్ని. చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో వెతకండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లో ఎర్లీకియా ఒక రకం, బబీసియా ఇంకో రకం. మొదటిదానికి సాధారణంగా డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడిస్తారు. రెండోదానికి మందే వేరు. ఏది ఏదో రక్తం చుక్క పరీక్షిస్తేనే తెలుస్తుంది. మీరు ఆవు సీసాలోంచి వేసిన నాలుగు చుక్కలు ఈ రెండింటికీ కుదరవు.

ఇక్కడే ఇంకో మాట. పిడుదులకనీ నట్టలకనీ ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చాలా ఇళ్లలో ఉంటుంది. పశువులకు వాడే ఒక శాతం మందు 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు. 15 కిలోల కుక్కకు 'ఒక్క ఎం.ఎల్. వేస్తే ఏమవుతుందిలే' అనుకుంటే, ఆ లెక్కలోనే మూడింతలకు పైగా వేసినట్టు. కోలీ జాతి రక్తం కలిసిన కుక్కలైతే ఇంకా తక్కువకే మూర్ఛలొచ్చి పడిపోతాయి. పాలిచ్చే ఆవులకు కూడా ఇది వేయకూడదు, పాలలోకి దిగుతుంది.

ఇప్పుడు ఆవు. వాపు మళ్లీ వచ్చింది కాబట్టి మందు పనిచేయలేదని మీకు అనిపించొచ్చు. నాకు అలా తోచడం లేదు. పని పూర్తికాకముందే మీరు ఆపారు, అదీ రెండుసార్లు. పాలు తెల్లగా కనపడినంత మాత్రాన పొదుగు శుభ్రపడినట్టు కాదు. పొదుగువాపు తెచ్చే క్రిముల్లో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనేది మహా మొండిది. పొదుగు కండలో చిన్న చిన్న చీముగడ్డలు కట్టుకుని దాక్కుంటుంది. రెండు రోజుల మందుకు పైన ఉన్నవి చస్తాయి, లోపలివి మిగులుతాయి. మిగిలినవి ఆ మందుకు అలవాటుపడతాయి కూడా. మూడోసారి అదే సీసా తెస్తే మీ డబ్బు పోవడం తప్ప ఆవుకు ఒరిగేది ఉండదు.

అందుకని మళ్లీ సూది వేయించే ముందు పాల నమూనా పంపించండి. చన్ను కడిగి, పొడి గుడ్డతో తుడిచి, స్పిరిట్ దూదితో చన్ను కొన రుద్దాలి. మొదటి రెండు మూడు ధారలు పారబోసి, తర్వాతి పాలు ఆసుపత్రిలో ఇచ్చే శుభ్రమైన సీసాలో పట్టాలి. సీసా మూతి చేతికీ చన్నుకూ తగలకూడదు. మంచుగడ్డల మధ్య పెట్టి అదే రోజు చేర్చండి. ఏ మందుకు క్రిమి చస్తుందో పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో చూసి చెబుతారు. రెండు మూడు రోజులు పడుతుంది. ఆవు మేత మేస్తూ, జ్వరం లేకుండా ఉంటే ఆ రెండు మూడు రోజులు ఆగొచ్చు. పొదుగు రాయిలా గట్టిపడి, జ్వరంతో మేత మానేస్తే మాత్రం ఆగకండి. నమూనా పట్టి పెట్టి, డాక్టర్ చెప్పిన మందు అప్పుడే మొదలుపెట్టించండి.

నమూనా పట్టాక, కొత్త మందు మొదలయ్యేలోపు కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు మెత్తగా నూరి, నీళ్లు కలిపి, ప్రతిసారీ పాలు పిండేశాక పొదుగంతా రోజుకు ఎనిమిది పదిసార్లు పట్టించండి. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు కూడా ప్రచారం చేస్తున్న పద్ధతే ఇది. తొలిదశ పొదుగువాపులో నేను మంచి ఫలితమే చూశాను. ముదిరిన కేసులో దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

మిగతా చన్నుల్లో, గేదెల్లో దాగి ఉన్న వాపు కనిపెట్టడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. అర లీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి పెట్టుకోండి. ఒక్కో చన్ను పాలు విడిగా చిన్న గిన్నెలో పట్టి, అంతే సబ్బు నీళ్లు పోసి ఒక నిమిషం గుండ్రంగా తిప్పండి. జిగురుగా ముద్దకడితే ఆ చన్నులో తేడా ఉన్నట్టే. పాలు తీయగానే చన్నులను పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో ముంచి, ఆవు ముందు పచ్చిమేత వేయండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పడుతుంది. ఆలోగా అది పేడలో పడుకోకుండా నిలబెట్టడానికే ఆ మేత.

పాల కేంద్రం వాళ్ల మీద కోపం వద్దు. వాళ్ల దగ్గర యాంటీబయాటిక్ జాడ పట్టే పరీక్ష పట్టీలు ఉంటాయి. మీ ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది, గమనించారో లేదో: మందు వేసిన రోజుల్లో పాలు సరిగా తోడుకోవు. తోడులో ఉన్న మంచి క్రిములను కూడా ఆ మందు చంపేస్తుంది. కాస్తే మందు పోతుందని చాలామంది అనుకుంటారు, పోదు. వాచిన చన్ను పాలు పారబోసి మిగతా మూడు చన్నుల పాలు కేంద్రానికి పోయడం ఇంకో పొరపాటు. మందు రక్తంలో కలుస్తుంది కాబట్టి నాలుగింటిలోకీ వస్తుంది. ఎన్ని రోజులు పాలు పోయకూడదో సీసా మీద రాసి ఉంటుంది. రాసి లేకపోతే చివరి సూది నుంచి పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలని 2012 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. ఆ పాలు దూడకు కూడా తాపకండి. గొర్రెలను సంతకు తోలే ముందు ఈ 28 గుర్తుపెట్టుకోండి. వ్యాపారి అడగడు, మనమే లెక్క చూసుకోవాలి.

కొనడం గురించి అడిగారు. మీ తమ్ముడి కొడుకు చెప్పింది ఒకప్పటి మాట. అమెరికాలో దాణా షాపుల్లో పెన్సిలిన్, ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్లు చీటీ లేకుండా అమ్మేవాళ్లు. 2023 జూన్ నుంచి అక్కడా పశువైద్యుడి చీటీ తప్పనిసరి అయింది. మన దగ్గర చట్టం ఎప్పటినుంచో చీటీ అడుగుతూనే ఉంది, అడగనిది షాపులే. ఆన్‌లైన్‌లో అయినా ఊళ్లో అయినా సీసా మీద 'పశువుల చికిత్సకు మాత్రమే' అన్న మాట, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి, బిల్లు అడిగి తీసుకోండి. మే నెలలో మన ఎండకు పార్సిల్ బండిలో రెండు రోజులు ఉడికిన మందు ఎంత పనిచేస్తుందో మీరే ఆలోచించండి. నూట యాభై రూపాయలు మిగిలాయని సంబరపడాల్సింది ఏమీ ఉండదు.

వాపు తగ్గే ఇంజెక్షన్ పేరు మీరు రాయలేదు. డైక్లోఫెనాక్ పశువులకు వాడడం 2006లోనే ఆపేశారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023లో నిషేధించారు, ఆ తర్వాత నిమెసులైడ్ కూడా. ఈ మందులు వేశాక చచ్చిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నాయని తేలడమే ఇందుకు కారణం. తెలంగాణలో బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద గూళ్లు పెట్టుకున్న రాబందుల గురించి వినే ఉంటారు. ఆ నాలుగు పక్షులు మిగలడానికి మనం చేయగలిగింది సీసా మీద పేరు చదవడమే. ఇవి కాకుండా మెలాక్సికామ్ ఉంది. వాపుకూ నొప్పికీ బాగా పనిచేస్తుంది, రాబందులకు హాని లేదు.

డోసులు రాయమన్నారు. యాంటీబయాటిక్ డోసులు నేను రాయను, ఏమీ అనుకోకండి. రాస్తే మళ్లీ షాపుకే వెళ్తారు. కానీ బరువు కట్టే లెక్క చెబుతాను, డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పడానికైనా పనికొస్తుంది. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు కొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 66, పొడవు 56 అయితే సుమారు 370 కిలోలు. మన రైతులు అదే ఆవును చూసి రెండొందల యాభై అంటారు, షాపతను నాలుగొందలు అంటాడు. మందు తక్కువైనా ఎక్కువైనా మొదలు ఇక్కడే.

గొర్రెల విషయం పొడిగా చెప్పి ముగిస్తాను. పారుడు వ్యాధి, నీలి నాలుక, పశువుల్లో గాలికుంటు, ముద్ద చర్మ వ్యాధి ఇవన్నీ వైరస్‌తో వచ్చేవి, యాంటీబయాటిక్ వాటిని ఏమీ చేయలేదు. పైన చేరే క్రిముల కోసం డాక్టర్ ఇస్తే అది వేరు. గొంతు వాపుకూ చిటుక రోగానికీ వానలకు ముందే టీకాలు వేయించండి.

ఇంట్లో పెట్టుకోవాల్సినవి: థర్మామీటర్, పోవిడోన్ అయోడిన్, దూది, కట్టు గుడ్డ, పురుగుల పుండుకు రాసే మందు, ఉబ్బరానికి డాక్టర్ చెప్పిన నూనె సీసా, బరువు కొలిచే టేపు, ఒక నోటు పుస్తకం. పుస్తకంలో ఏ పశువుకు ఏ మందు ఏ రోజు వేశారో రాయండి. ఆసుపత్రి దూరమన్నారు కదా, 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం మీ ఊరికే వస్తుంది.

ఫ్రిజ్‌లో ఉన్న ఆ సీసా ఇక ఎవరికీ పనికిరాదు. పొడిలో నీళ్లు కలిపాక దాని బలం పోతూ వస్తుంది, సూది గుచ్చిన ప్రతిసారీ బయటి క్రిములు లోపలికి వెళ్తాయి. పైగా పిల్లల పాలు, పెరుగు పక్కనే పెట్టారు. పేడకుప్పలోకో కాలువలోకో విసరకండి. వాడిన సూదులు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, సీసాతో పాటు కుక్కను తీసుకెళ్లినప్పుడు ఆసుపత్రిలోనే ఇచ్చేయండి.