వంతెన దాటే నూడుల్స్: ఆ కథ నిజమేనా, ఎలా తినాలి?

చదువు కోసం చైనాలోని కున్మింగ్ వెళ్తున్నానని చెప్పి, అక్కడి ‘వంతెన దాటే నూడుల్స్’ వెనుక కథ నిజమేనా, వాటిని ఎలా తినాలి అని అడిగారు. నేను వైద్యం చదివింది ఆ ఊళ్లోనే. ఆ వంటకమంటే ఇప్పటికీ ప్రాణం. అక్కడివాళ్లు గువోచియావ్ మీషియన్ అంటారు. నూడుల్స్ మైదావి కావు, బియ్యంతో చేసినవి.

కథ యున్నాన్ ప్రావిన్సు దక్షిణాన ఉన్న మెంగ్‌జ్ ఊరిది. అక్కడి దక్షిణ సరస్సు దీవిలో ఒకాయన రాజోద్యోగ పరీక్షకు చదువుకునేవాడట. భార్య వంతెన దాటి అన్నం తెచ్చేసరికే అది చల్లారేది. పుస్తకంలో మునిగిన మనిషి ముద్ద నోట్లో పెట్టేసరికి ఇంకా పొద్దుపోయేది. ఒకరోజు కోడి సూప్ తెస్తే, చాలాసేపటికి కూడా వేడి తగ్గలేదు. పైన తేలిన కొవ్వే కారణమని ఆమె గ్రహించింది. అప్పటి నుంచి సూప్ వేరుగా, మిగతావి వేరుగా తెచ్చి అక్కడే కలిపి పెట్టింది. ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పే జానపద కథ ఇది, చరిత్రగా తీసుకోకండి. సరస్సు మాత్రం నిజం.

నాకు ఆ భర్త చదువుకన్నా ఆ ఇల్లాలి గమనింపే గొప్పగా తోస్తుంది. వేడి సూప్ చల్లారేది ఎక్కువగా ఆవిరి లేవడం వల్ల. నూనె పొర ఆ ఆవిరిని ఆపేస్తుంది. పైగా కున్మింగ్ సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అలాంటి చోట ఉన్న వేడిని పోనివ్వకపోవడం చాలా ముఖ్యం. అందుకే గిన్నెను కూడా ముందే వేడిచేస్తారు.

జాగ్రత్త పడాల్సిందీ ఆ పొర దగ్గరే. బల్ల మీదకు వచ్చిన గిన్నెలో పొగ కనిపించదు. గోరువెచ్చగా ఉందనుకుని తాగితే నోరు కాలుతుంది. ముందు కౌజుపిట్ట గుడ్డు, పచ్చి మాంసం వేయండి. వెలుతురు కనిపించేంత పల్చగా కోసిన గులాబీ రంగు ముక్క అంచుల నుంచి తెల్లబడుతూ, చూస్తుండగానే ముడుచుకుంటుంది. ఎక్కడైనా ఎరుపు మిగిలితే ఇంకాసేపు ముంచి ఉంచండి. ఆ తర్వాత ఆకుకూరలు, అన్నిటికన్నా చివర నూడుల్స్. అవి ముందే పడితే సూప్ చల్లబడి మాంసం ఉడకదు. చేమంతి రేకులు ఇస్తే అలంకారమనుకుని పక్కన పెట్టకండి, అవీ సూప్‌లో వేసుకునేవే.

పంది మాంసం తినకపోతే ముందే అడగండి. సూప్‌లో కోడితో పాటు పంది ఎముకలు కూడా మరిగిస్తారు. హుయీ ముస్లింల హోటళ్లలో గొడ్డు మాంసంతో చేసే బియ్యపు నూడుల్స్ దొరుకుతాయి. శాకాహారులు కూరగాయలు మాత్రమే వేయించుకున్నా లాభం లేదు, సూప్ మాంసానిదే.