కవరు విప్పకముందే చెప్పవలసినవి

హైదరాబాదు

చిరంజీవికి ఆశీస్సులు.

పోస్టులో వచ్చిన నాణేల గురించి నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పోస్ట్‌మ్యాన్ పిలుపు, సంతకం పెడుతుంటే వణికిన చేయి, కత్తెర కోసం ఇల్లంతా వెతకడం, అన్నీ రాశావు. ఆ సంబరం నిజమైనదని నాకు తెలుసు, ఎందుకంటే అలాంటి కవర్ల కోసం ఏళ్ల తరబడి గుమ్మం వైపు చూసినవాణ్ణి నేను. అయితే నాణేల ఊసే ఎరుగని మనిషి ఈ వ్యాసం చదివితే, నీకు అంత ఆనందం ఎందుకు కలిగిందో అంతుపట్టదు. కవరు విప్పకముందే నీకు తెలిసిన సంగతులు అతనికి తెలియకపోవడమే దానికి కారణం. ఇంతకాలం చదివి, విని తెలుసుకున్నదాన్ని కళ్లారా చూడబోతున్నామన్న ఆశే సేకర్త ఉత్కంఠకు మూలం కనుక, ఆ తెలివిడిని పాఠకుడికి ముందుగా పంచిపెట్టాలి.

‘చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం వెండి రూపాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ చార్మినార్ ద్వారంలో ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుందనీ, మహబూబ్ అలీఖాన్ నాణేల మీద అది ‘మీమ్’ అనీ, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ నాణేల మీద ‘ఐన్’ అనీ, ఆయన తొలి రూపాయిల్లో ఆ ఐన్ కొంత మేరకే ఉండి తరువాతివాటిలో పూర్తిగా కనిపిస్తుందనీ మొదటే చెప్పు. అమ్మినవారు పంపిన ఫొటోలో ద్వారం మసకగా ఉండి అక్షరం సరిగా తేలలేదన్న వాక్యం ఎక్కడో చివర పడి ఉంది. దాన్ని ముందుకు తీసుకురా. అప్పుడు నీతోపాటు పాఠకుడూ కవరు కోసం ఎదురుచూస్తాడు, నువ్వు భూతద్దం పట్టుకుని రూపాయిని దీపం కింద అటూ ఇటూ వాల్చినప్పుడు అతనూ ఆ ద్వారంలోకి తొంగిచూస్తాడు. ఇంతకీ అక్కడ ఏం కనిపించిందో నువ్వు రాయనే లేదు.

ఎన్టీఆర్ శతజయంతి నాణెం ఘట్టంలో మాత్రం నీ కలం చక్కగా నడిచింది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన ఆ వంద రూపాయల నాణెం 44 మిల్లీమీటర్ల వెడల్పనీ, 35 గ్రాముల బరువనీ, అందులో సగం వెండి అనీ లెక్కగా రాశావు. అంతకన్నా నాకు నచ్చింది, మీ అమ్మమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టబోతే నువ్వు గాబరాగా అడ్డుపడటం. అద్దంలాంటి ఆ మెరుపు మీద వేలిముద్ర పడితే మచ్చగా మిగిలిపోవచ్చనీ, తుడిస్తే సన్నని గీతలు పడతాయనీ, అందుకే నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలనీ అంతకు ముందే ఒక వాక్యంలో చెప్పి ఉంచు. లేకపోతే నీ గాబరా పెద్దావిడ మీద విసుగులా కనిపిస్తుంది.

ఆ నాణెం ముద్రించిన హైదరాబాదు టంకశాల గురించి కూడా నాలుగు మాటలు ఉండాలి. 1903లో సైఫాబాదులో వెలసిన ఆ టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది. మన చిల్లర నాణేల మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది ఇక్కడిదనీ, వజ్రం ఆకారం ఉంటే ముంబయిదనీ, చుక్క ఉంటే నోయిడాదనీ రాయి. అది చదివినవాడు వెంటనే జేబులోని చిల్లర తీసి చూసుకుంటాడు. పాఠకుణ్ణి నీ విషయంలోకి లాగడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు.

ధర దాచవద్దు. వంద రూపాయల నాణేనికి వేలు పోశావని రాయడంలో సిగ్గుపడవలసింది లేదు. రేపు దాని విలువ పెరుగుతుందన్న మాట మాత్రం తీసేయి, ఎందుకంటే ఆ వాక్యం వచ్చిన చోట నీ ప్రేమ వ్యాపారంగా మారిపోతోంది.

ఈ సవరణలన్నీ చేసి వ్యాసం మళ్లీ పంపు. ఆ ద్వారంలో ఉన్నది కొంత ఐనో, పూర్తి ఐనో నాకు ఫోనులో చెప్పకు. వ్యాసంలోనే చదువుతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి