నీళ్లలో ఉన్నా గులాబీ వాడిపోతోందేం?

ప్రశ్న: గులాబీలు కోసి నీళ్ల సీసాలో పెడితే మర్నాటికే తలలు వాల్చేస్తున్నాయి. సీసాలో నీళ్లు మాత్రం తగ్గడం లేదు. కారణమేంటి?

జవాబు: నీళ్లు తగ్గకపోవడమే అసలు ఆధారం. కాడ నీళ్లు తాగడం లేదన్నమాట. కాడలో నీటిని మోసే దారునాళాలు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండని సన్నని గొట్టాలు. వాటిలో నీటిని కింది నుంచి ఎవరూ తోయరు. ఆకుల్లోంచి ఆవిరయ్యే నీరే వెనకున్న నీటిని పైకి లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ ధార తెగదు. కాడ కోయగానే ఆ లాగుడికి గాలి లోపలికి దూరుతుంది. బుడగ చేరిన గొట్టంలో ధార తెగినట్టే.

కాడ చివరను గిన్నెలో నీళ్లలో ముంచి ఉంచే, పదునైన కత్తితో రెండుమూడు సెంటీమీటర్లు ఏటవాలుగా కోయండి. గాలి చేరిన భాగం చాలావరకు పోతుంది. కోత ఆరకముందే సీసాలోకి మార్చాలి. కత్తెర మొద్దుబారితే గొట్టాలు నలిగి మూసుకుపోతాయి. కాడ చివర చితక్కొట్టమని కొందరు చెబుతారు, ఆ పని అస్సలు చేయకండి.

నీళ్లలో మునిగే ఆకులు తీసేయండి. అవి కుళ్లితే బాక్టీరియా పెరిగి, జిగురు గొట్టాలకు అడ్డుపడుతుంది. రెండు రోజులకోసారి సీసా కడిగి, నీళ్లు మార్చి, కాడ మళ్లీ కొద్దిగా కోయండి.